అప్పటి రంగు

పని లేని శుక్రవారం పొద్దున ఆ రూములో అందరికంటే ముందు లేచేది గణపతి. లేచి తన బట్టలతో పాటు పక్కవాళ్ళ బట్టలు కూడా బకెట్లో నానబెట్టేవాడు. చాయ్ పెట్టి, కూరకు ఉల్లిగడ్డలు కోసి, అప్పుడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి లేపేవాడు. అంత మంచివాడిని ఆ బిల్డింగు మొత్తంలో ఎవరూ చూడలేదు. మరీ అంత మంచితనం కనిపిస్తే ఎవరికైనా కొంచెం అనుమానం రావాలి. చాయ్ బాగుంటుంది గనక ఎవరికీ రాలేదు.

మస్కట్‌లోని రూవిలో హై స్ట్రీట్ వెనక సందులో, కింద దర్జీ దుకాణం ఉన్న పాత బిల్డింగు అది. మూడో అంతస్తులో ఒక హాలు, ఒక వంటగది, ఒక బాత్రూము. ఉండేది నలుగురు, నలుగురివీ కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళే. పెద్దులు షట్టరింగ్ కార్పెంటర్, వయసులో పెద్ద, అందరికీ కాక. అంజి ప్లాస్టరింగ్ మేస్త్రీ. కమ్రాన్ రూవిలోనే ఒక మొబైల్ దుకాణంలో ఫోన్లు బాగుచేసేవాడు. గణపతి ఒక గోదాములో పికప్ నడిపేవాడు. హాల్లో ఐదో మంచం కూడా ఉంది. అది ముఖీత్‌ది, ఖాళీగా ఉంది.

కిరాయికి ఇచ్చేటప్పుడే ఇంటి యజమాని అన్నీ విప్పి చెప్పాడు. ఏసీ పాతది, నల్లా కారుతుంది, హాల్లో ఎవరికైనా ఏదైనా యాదికొస్తే మనిషి పాతబడతాడు. వీళ్ళు ఏసీ గురించి మాత్రమే గట్టిగా అడిగారు. పాతబడటం అంటే పెద్ద ఇబ్బందేం కాదు. పెళ్ళి ఆల్బంలో ఫొటో ఏళ్ళు గడిచాక ఎలా పసుపు తిరుగుతుందో అలా, ముందు పాదాలు, తర్వాత లుంగీ, అంగీ, చేతిలో ఏముంటే అదీ రంగు పోయి పసుపెక్కేవి. పేరు పెట్టి పిలిస్తే మళ్ళీ మామూలే. భోజనాల దగ్గర ఒకడు మోకాళ్ళ దాకా పాతబడితే, "వాని ఇంటికాడ నాట్లు పడుతున్నయి కావచ్చు, పోనియ్యి," అని పక్కవాడు పప్పు వడ్డించుకునేవాడు.

ఇక ముఖీత్ సంగతి. రెండేళ్ళ కిందట అతను సెలవు మీద ఊరికి పోయాడు. తిరిగి వస్తుంటే, కోరుట్ల బస్టాండులో హైదరాబాదు బస్సు కదిలే వేళకు ఎవరో ఒక మనిషి కిటికీలోంచి మామిడి తొక్కు పొట్లం లోపలికి తోశాడు. "మీ రూమోళ్ళకే. అక్కడ వాళ్ళే అడుగుతరు," అన్నాడు. ఎవరికని ముఖీత్ అడగలేదు. గల్ఫు రూముల్లో అలా అడగరు. ఊరి తొక్కు తెమ్మంటే కాదనకూడదు, ఇంకొకరి పొట్లం విప్పకూడదు. ఎవరికి వచ్చినా పళ్ళెంలో పడేసరికి అది అందరిదీ అవుతుంది, పేరుతో పనేముంది. మస్కట్ ఎయిర్‌పోర్టులో ఆ పొట్లం విప్పారు. తొక్కు కింద గంజాయి ఉంది. ముఖీత్ అక్కడి నుంచి అటే జైలుకు పోయాడు.

పొట్లం రూములో ఎవరికి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. పోలీసులు వచ్చి నలుగురినీ హాల్లో కూర్చోబెట్టి అడిగారు. ముఖీత్ పేరు వినగానే నలుగురూ తల దాకా పాతబడ్డారు. ఎవరు ఏం తలుచుకున్నారో రంగు చెప్పదు కదా. ప్రశ్నలు వేసే ఆఫీసరుకు కూడా చిన్నప్పటి ఖర్జూరం తోట ఏదో యాదికొచ్చి బూట్లు పసుపెక్కాయి. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఆ రూములో నలుగురూ భుజాలు తడుముకునేవాళ్ళే. ఒకడి ఫోను మోగితే మిగతా ముగ్గురూ చెవులు ఇటే పెట్టేవాళ్ళు. కమ్రాన్ అయితే మరీను. ముఖీత్ అతనికి ఖాలా కొడుకు, అంటే పిన్నమ్మ కొడుకు. ఆ ఖాలా అక్తరీ బేగం వారం వారం ఫోను చేసి, "కౌన్ హై బేటా, మాలూమ్ పడా?" అని అడిగేది. ఎవడో తెలిసిందా అని ఆమె అడిగినప్పుడల్లా కమ్రాన్ మిగతా ముగ్గురి మంచాల వైపు చూసేవాడు.

అలాంటి రూములో అంజికి సెలవు వచ్చింది. మొదటి సెలవు. అతను ఇక్కడికి వచ్చాక పుట్టిన బిడ్డను అతనింకా ఎత్తుకోలేదు. పోవడానికి సంతోషమే, భయమంతా తిరిగి రావడం గురించి. రూములో ఒక్కొక్కరూ "మా ఇంటికాడి తొక్కు జెర పట్టుకరా" అంటారు. ఎవరిది తేవాలి, ఎవరిది వద్దనాలి. తప్పు పొట్లం ఒక్కటి చేతికొస్తే బిడ్డ మళ్ళీ ఫోన్లోనే పెరుగుతుంది.

అంజి తనకు తోచిన లెక్క తను వేసుకున్నాడు. తొక్కు సీసా మూత తీస్తే చాలు, పెద్దులు నడుము దాకా పాతబడతాడు. ప్రతిసారీ అంతే. తొక్కుతో ఆయనకు ఏదో పాత వ్యవహారం ఉందన్నమాట. గణపతి మాత్రం పోలీసులు వచ్చిపోయిన తర్వాత ఎప్పుడూ పాతబడలేదు. తొక్కు ముందర పెట్టినా, ముఖీత్ మాట ఎత్తినా, పండగ రోజు ఇంటి నుంచి ఫోను వచ్చినా నిగనిగలాడుతూనే ఉంటాడు. దాచుకునేది ఏదీ లేనివాడికే అంత నిబ్బరం అనుకున్నాడు అంజి. పెద్దులుతో, "కాకా, ఈసారి సామాను మస్తయితుంది, మీది తేలేను," అన్నాడు. పెద్దులు ఆ పూట సగం అన్నమే తిన్నాడు. గణపతితో, "అన్నా, నీది తెస్త," అన్నాడు.

"మంచిది. మా బావ కోరుట్ల బస్టాండుకే అస్తడు, నీకు తిప్పలుండది," అన్నాడు గణపతి.

సరిగ్గా ఆ రోజుల్లోనే కమ్రాన్ షార్ట్ ఫిల్ము మొదలుపెట్టాడు. ఇతరుల పొట్లం మోసి జైలుపాలైన ఒక కార్మికుడి కథ. కొత్తగా గల్ఫుకు వచ్చేవాళ్ళు చూసి జాగ్రత్తపడటానికని చెప్పాడు. ఆ మాట ముగ్గురిలో ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోయినా, కాదంటే ఎందుకు కాదన్నాడని అడుగుతారు గనక అందరూ వేషాలకు ఒప్పుకున్నారు. పొట్లం మోసేవాడు అంజి. జైల్లో పక్కనుండే ముసలాయన పెద్దులు. బస్టాండులో పొట్లం ఇచ్చేవాడు గణపతి.

మామూలు డైరెక్టర్లకు గడిచిపోయిన సీనును పాతగా చూపించడం కష్టం. కమ్రాన్‌కు అడ్డం తిరిగింది. నీలం దుప్పటి గోడకు కట్టి జైలని చెప్పి కెమెరా ఫోను పెడితే, జైలు సీను ఇప్పటిది, అందులో పెద్దులు మెడ దాకా పాతబడి కూర్చున్నాడు. బస్టాండు సీను గడిచిపోయినది, అందులో అంజి ఏం మాట్లాడాలా అన్న ధ్యాసలో కొత్త నాణెంలా మెరుస్తున్నాడు. చూసేవాడికి ఏది అప్పుడో ఏది ఇప్పుడో తలాతోకా తెలియదు. ఫోన్లో రంగులు మార్చే యాప్ పెట్టి చూశాడు. రంగు ఫొటోలో ఉంటే మారుతుంది, మనిషిలోనే ఉంటే ఏం చేస్తుంది. పాతబడినవాడు ఇంకా పాతబడి చారెడు పసుపు పూసినట్టు కనిపించాడు.

చివరికి కమ్రాన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. "గడిచిపోయిన సీన్ల నిజంగా ఏదన్న యాద్ చెయ్యుండ్రి. ఏదైనా పర్వాలేదు, పాతబడితే చాలు. ఇప్పటి సీన్ల ఏం యాద్ చెయ్యొద్దు. మనసుల అరబ్బీల వాహిద్, ఇత్నేన్, తలాతా అని లెక్కవెట్టుకుంట ఉండుండ్రి. లెక్కల పడ్డోనికి యాది రాదు."

ఉపాయం పనిచేసింది. పెద్దులు వాహిద్ ఇత్నేన్ అనుకుంటూ జైలు సీను అంతా రంగు పోకుండా చేశాడు. సీను అయిపోయాక ఊపిరి వదిలి చాయ్ తాగుతూ మళ్ళీ నడుము దాకా పాతబడ్డాడు. వంటింట్లో తొక్కు సీసా తెరిచి ఉంది.

"కాకా, తొక్కు జూస్తే మీకు ఏం యాదికొస్తది?" అని కమ్రాన్ అడిగాడు. ఇన్నాళ్ళూ ఎవరూ నోరు తెరిచి అడగని ప్రశ్న అది.

"మా దేవవ్వ," అన్నాడు పెద్దులు. "పోయినసారి ఊరికి పోయినప్పుడు ఉప్పెక్కువైందని తొక్కు గిన్నె ఇసిరికొట్టిన. గదే రోజు బస్సెక్కిన. ఫోన్ల ఆమె గా ముచ్చట ఎత్తది, నేనూ ఎత్త."

అంజికి జాలి వేసింది. జాలి వెనకే, ఇది కూర్చి చెబుతున్న కథ కాదని గ్యారంటీ ఏమిటి అని కూడా అనిపించింది. అనుమానం ఒకసారి పట్టిందంటే గజ్జి కన్నా మొండిది. అతను పెద్దులు తొక్కు తెస్తానని మాత్రం అనలేదు.

తర్వాత గణపతి సీను. తలకు రుమాలు చుట్టుకుని, పాత న్యూస్‌పేపరులో చుట్టిన ఉత్త పొట్లం చేత్తో పట్టుకుని, కుర్చీ వీపునే బస్సు కిటికీ అనుకుని అంజికి అందించాలి. గడిచిపోయిన సీను గనక పాతబడాలి.

"గణపతన్నా, ఏదన్న యాద్ చెయ్యి. చిన్నప్పటిదన్న సరే."

"చేస్తున్న."

చేయలేదు. పాదాల గోళ్ళు కూడా రంగు మారలేదు. మళ్ళీ తీశారు, మళ్ళీ అంతే. పెళ్ళి యాద్ చెయ్యమన్నారు, ఊరి చెరువు యాద్ చెయ్యమన్నారు, అమ్మను యాద్ చెయ్యమన్నారు. గణపతి అన్నిటికీ తల ఊపి, నవ్వి, అంగీ మీది ఎర్ర గీతలు కూడా మాయకుండా నిలబడ్డాడు. "నాకు మొదటి నుంచి యాది తక్కువ భాయ్," అన్నాడు. తీసినంత తీసి కమ్రాన్ వదిలేశాడు.

మర్నాడు దుకాణంలో గిరాకీ లేని వేళ కమ్రాన్ ఆ సీన్లన్నీ ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తున్నాడు. ఫోను తెర మీద కనపడనిది పెద్ద తెర మీద కనపడింది. గణపతి పెదవులు కదులుతున్నాయి. మాట్లాడాల్సిన మాట అయిపోయాక కూడా కదులుతున్నాయి. కమ్రాన్ ఆపి, వెనక్కి పంపి, దగ్గరగా చేసి చూశాడు. వాహిద్. ఇత్నేన్. తలాతా.

యాద్ చెయ్యమంటే లెక్కపెట్టుకుంటున్నాడు. ఇప్పటి సీన్లు అతనికి ఒక్కటీ లేవు, లెక్కతో అతనికి పనే లేదు. కమ్రాన్ దుకాణం షట్టరు సగం దించాడు. తన పాత ఫోన్లో ఉన్న వీడియోలన్నీ బయటికి తీశాడు. పోయిన రంజాన్ పండగ రోజు హాల్లో అందరూ బిర్యానీ తింటున్నారు, వెనక గణపతి పళ్ళెం పట్టుకుని పెదవులు కదుపుతున్నాడు. అంజికి బిడ్డ పుట్టిందని మిఠాయి పంచిన రోజు, మిఠాయి నోట్లో పెట్టుకోకముందు పెదవులు కదిలాయి. ఈ ఉపాయం కమ్రాన్ కనిపెట్టింది మొన్న. గణపతికి ఇది ఎప్పటి నుంచో తెలుసు.

ఇంకా వెనక్కి పోయాడు. ముఖీత్ ఉన్నప్పటి వీడియో ఒకటి దొరికింది. ముఖీత్ మంచం మీద కూర్చుని పాట పాడుతున్నాడు, పక్కన గణపతి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. తలవెంట్రుకల దాకా పాతబడి, ఎవరో లుంగీ అంచు పట్టి లాగుతున్నట్టు కిందికి చూస్తూ నవ్వుతున్నాడు. కమ్రాన్ ఆ వీడియోనూ నిన్నటిదీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. అప్పటి మనిషి, ఇప్పటి మనిషి ఒకరేనంటే నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం పెద్దులు సైట్ నుంచి వస్తుంటే బస్సు దిగేచోటే పట్టుకుని చూపించాడు.

"అవునయ్యా," అన్నాడు పెద్దులు. "అప్పట్ల రోజు పొద్దుమూకంగ గణపతి పాతబడుతుండె. బిడ్డ శ్రీవాణి యాదికచ్చి. మేము నవ్వుతుంటిమి. ముఖీత్ పోయినంక బందయింది. నేను మనసు రాయి చేసుకున్నడనుకున్న."

"అడుగుదామా కాకా?"

"అడిగితే చెప్తడా? యాద్ చెయ్యకుండ రెండేండ్లు ఉన్నోడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటరు. మనం గట్టిగంటే ఇయ్యాలే బావకు ఫోన్ చేస్తడు, ఇంకో రూమోనికి ఇంకో పొట్లమైతది."

"మరి అంజికి చెప్దాం. తేవద్దని."

"చెప్తె నమ్ముతడా? నా తొక్కే వద్దన్నడు వాడు. నేను గణపతి మీద చాడీ చెప్పిన్నంటడు."

ఇద్దరూ బిల్డింగు దాకా నడిచి వచ్చారు గానీ ఏదీ తేల్చుకోలేదు. పైన గణపతి వాళ్ళకు చాయ్ పెట్టి ఉంచాడు. ఇద్దరూ తాగారు. ఎప్పటిలాగే బాగుంది, అది ఇంకా బాధగా ఉంది.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. మర్నాడే అంజి ఫ్లైటు. మిగిలిన ఒక్క సీను తీసేద్దామని కమ్రాన్ ఫోను స్టాండుకు బిగిస్తున్నాడు. అంజి హాలు మధ్యలో అట్టపెట్టె పెట్టుకుని సామాను సర్దుతున్నాడు. పోయేవాడు రూములో అందరి పిల్లలకూ బట్టలు కొనుక్కుపోవడం అక్కడి ఆనవాయితీ. సాయంత్రం బజారుకు పోయి కొనాలి, కొలతలు కావాలి. కొలత అంటే టేపు కాదు. తండ్రి లేచి నిలబడి, అరచేయి బోర్లించి, నేల మీంచి "ఇంత" అని చూపిస్తాడు. మస్కట్‌లో సగం గౌన్లు అలా అరచేతి కొలతకే అమ్ముడుపోతాయి.

"గణపతన్నా, శ్రీవాణికి గౌను తీసుకుంట. ఎంతుంటది బిడ్డ?" అని అడిగాడు అంజి.

ఆ ప్రశ్న అంజి తనంతట తనే అడిగాడా, కమ్రాన్ అడిగించాడా అన్నది ఆ రూములో ఇప్పటికీ అనుమానమే. కమ్రాన్ అయితే ఒట్టు వేసి కాదంటాడు. ఒట్లు ఆ రూములో చాలా పడ్డాయి.

గణపతి నవ్వుతూనే లేచాడు. అరచేయి బోర్లించి మోకాలి కన్నా కొంచెం పైన పెట్టాడు. "ఇంత," అన్నాడు. అని, చేతిని చూసుకున్నాడు. చేతిని కొంచెం పైకి లేపాడు. మళ్ళీ దించాడు. పెదవులు కదిలాయి, వాహిద్ దగ్గరే ఆగిపోయాయి. ఊరి నుంచి ఫోను వస్తే మెట్ల మీదికి పోయి మాట్లాడి వచ్చేవాడు, ఏనాడూ వీడియో పెట్టుకోలేదు. ఎదుట చూస్తే యాదిలో మిగిలిపోతుందని భయం. ఆ అరచేయి ఎంత ఎత్తున ఆగాలో అతనికి తెలియదు.

పాదాలు పసుపెక్కాయి. పెద్దులు చూశాడు, కమ్రాన్ చూశాడు. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పసుపు లుంగీ మీదుగా పైకి పాకింది, అంగీ ఎర్ర గీతలు మాసిపోయాయి, చాపిన చేయి మాసిపోయింది. రెండేళ్ళు లెక్కలతో కట్టిన కట్ట అది, ఒక్కచోట తెగితే నీళ్ళు ఆగుతాయా. యాదిలోకి శ్రీవాణి ఒక్కతే రాలేదు. ఆమె వెనక బావ వచ్చాడు, "పొట్లం నీ రూమోనితోని పంపిన, కింద ఒకాయన అడుగుతడు, ఇచ్చెయ్యి" అన్న ఫోను వచ్చింది, ముఖీత్ ఖాళీ మంచం వచ్చింది. గణపతి నిలబడలేక అట్టపెట్టె పక్కన కూలబడ్డాడు. కళ్ళనీళ్ళు కూడా పసుపు రంగులోనే కారాయి.

అంజి కంగారుపడి, "ఏమైందన్నా?" అన్నాడు.

"అంజీ, కోరుట్ల బస్టాండుల మా బావ అస్తడు. ఏమిచ్చినా పట్టుకోకు," అన్నాడు గణపతి. "కిటికీల నుంచి ఏసిపోతే బయటికి ఇసిరెయ్యి. ముఖీత్‌ది గూడ నాకే అచ్చింది. లోపల ఏముందో నేను అడగలే. అడిగితే తెలుస్తదని అప్పుడు గూడ అడగలే, ఇప్పుడు గూడ అడగలే."

అంజి చేతిలోని బట్టలు జారిపోయాయి. తను ఎవరిని నమ్మాడో, ఎవరిని వద్దన్నాడో అప్పుడు తెలిసింది. పెద్దులు వైపు తిరిగి చూడటానికి సిగ్గు వేసింది.

కమ్రాన్ వచ్చి గణపతి అంగీ పట్టుకున్నాడు. కొట్టడానికి చేయి లేపి, దించాడు. "మా ఖాలా రెండేండ్ల నుంచి ఏడుస్తుంది. నువ్వు దినాం నాకు చాయ్ పోసినవ్," అన్నాడు. గణపతి తప్పించుకోలేదు.

"పోలీస్ టేషన్‌కు నేనే అస్త. బావ పేరు చెప్త, కింద అడిగేటాయన పేరు చెప్త," అన్నాడు. "జెరసేపు కూసోనియ్యి కమ్రాన్. అక్కడ గీ హాలుండది."

కమ్రాన్ అంగీ వదిలాడు. ముఖీత్ మంచం మీద కూర్చుని, తనూ మెడ దాకా పాతబడ్డాడు. పెద్దులు చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయాడు. ఆ రూములో గణపతి కాకుండా వేరేవాళ్ళు చాయ్ పెట్టడం చాన్నాళ్ళకు అదే. చక్కెర ఎక్కువైంది. అందరూ తాగారు.

చాయ్ అయ్యాక గణపతి లేచి నిలబడి మళ్ళీ అరచేయి బోర్లించాడు. ఈసారి చేయి వెతుక్కోలేదు. మోకాలి పైన ఒకచోట స్థిరంగా ఆగింది. అంజి తన మోకాలి పక్కన చేయి పెట్టి ఆ ఎత్తు గుర్తు పెట్టుకున్నాడు.

"ఇది అప్పటి ఎత్తు," అన్నాడు గణపతి. "ఇప్పుడెంతున్నదో నాకెరుక లేదు. నువ్వే చూసి చెప్పు."

అని తలకు రుమాలు చుట్టుకుని, చెప్పులు వేసుకుని, కమ్రాన్ కోసం గుమ్మం దగ్గర నిలబడ్డాడు.